సెలవు, నాగా: పశ్చిమ కర్నూలు శ్రమ పదజాలంలో జబ్బు రోజు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

జబ్బు చేసి పనికి రాలేని రోజును తెలుగు రెండు పదాలతో వ్యవహరిస్తుంది. వేతనం నిలిచే రోజుకు 'సెలవు' అని, వేతనం పోయే రోజుకు 'నాగా' అని పేరు. కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతపు చేనేత, పత్తి జిన్నింగు, సుగ్గి వలస అనే మూడు రకాల శ్రమను ఆధారం చేసుకొని, ఈ పదభేదం వెనుక ఉన్న చట్టభేదాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టంలోని నిర్వచనాలను, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్య ఆసరా పథకాన్ని పాఠవిమర్శ పద్ధతిలో చదివి, జబ్బు రోజు వేతనాన్ని సంస్థకు గాక మనిషికి ముడిపెట్టవలసిన అవసరాన్ని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలక పదాలు: సెలవు, నాగా, సుగ్గి, సీజనల్ ఫ్యాక్టరీ, మజూరి, ఆరోగ్య ఆసరా.

1. ఉపోద్ఘాతం

జ్వరం వచ్చిన గుమాస్తా సెలవు పెట్టాడంటాం. అదే జ్వరం వచ్చిన కూలీ నాగా పెట్టాడంటాం. జ్వరం ఒకటే అయినా మాట మారింది. మాటతో పాటు నెలాఖరున చేతికి వచ్చే డబ్బూ మారింది. నిఘంటువు ఈ రెండింటినీ 'పనికి రాకపోవడం' అనే ఒకే అర్థం కింద చూపవచ్చు గాని, వ్యవహర్తకు వీటి మధ్య దూరం స్పష్టంగా తెలుసు. ఆ దూరాన్ని కొలవడమే ఇక్కడి ప్రయత్నం.

శ్రమకు సంబంధించిన రచనలను చదివేటప్పుడు మన విమర్శ ఎక్కువగా కూలి రేటు, సమ్మె, అప్పు, వలస అనే అంశాల మీద నిలిచింది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922) నాటి నుండి 'కూలి ఎంత?' అనే ప్రశ్నకు తెలుగు నవలలో స్థానం ఉంది. 'కూలి లేని రోజు సంగతి ఏమిటి?' అనే ప్రశ్న మాత్రం ప్రధాన వస్తువుగా అరుదుగా కనిపిస్తుంది. కథల్లో పేదవాని జబ్బు సాధారణంగా విషాదానికి ఆరంభంగానో, అప్పుకు కారణంగానో, మరణానికి సూచనగానో వస్తుంది. మూడు రోజుల మామూలు జ్వరానికి, అది కోసుకుపోయే మూడు రోజుల కూలికి కథాగౌరవం దక్కడం తక్కువ. అయితే పేద కుటుంబం ఏడాది పొడవునా ఎదుర్కొనేది ఎక్కువగా ఈ మామూలు జ్వరాన్నే.

ఈ పరిశీలనకు పశ్చిమ కర్నూలును ఎంచుకోవడానికి కారణం ఉంది. కర్నూలు నుండి కోడుమూరు మీదుగా ఎమ్మిగనూరు, ఆదోని వైపు సాగే ప్రాంతంలో మూడు వేర్వేరు రకాల శ్రమ పక్కపక్కనే కనిపిస్తుంది. కోడుమూరు, ఎమ్మిగనూరులలో మగ్గాలు, ఆదోనిలో పత్తి మార్కెట్టు, దాని చుట్టూ జిన్నింగు మిల్లులు, పల్లెల నుండి గుంటూరు వైపు సాగే సుగ్గి వలస. ఈ మూడింటిలోనూ జబ్బు రోజుకు వేతనం లేదు. మూడింటిలోనూ లేకపోవడానికి కారణం మాత్రం ఒకటి కాదు.

2. రెండు పదాల చరిత్ర

'సెలవు' దేశ్యపదం. ఇచ్చేవారు ఉంటేనే సెలవు ఉంటుంది. 'సెలవిచ్చారు' అంటే గౌరవార్థంలో పెద్దలు పలికారని. 'సెలవు తీసుకున్నాడు' అంటే అనుమతి పొంది వెళ్ళాడని. ఆజ్ఞ, అనుమతి, వీడ్కోలు అనే అర్థాలన్నిటిలోనూ ఎదుట ఒక అధికారి నిలబడి ఉంటాడు. పాత వాడుకలో ఈ పదానికి వ్యయం అనే అర్థమూ ఉంది. తమిళంలో నేటికీ 'సెలవు' అంటే ఖర్చే. ఈ రెండర్థాలనూ కలిపి చూస్తే వేతనంతో కూడిన జబ్బు సెలవుకు చక్కని నిర్వచనం దొరుకుతుంది: అనుమతి ఒకరిది, ఖర్చు కూడా ఎవరో ఒకరు భరించవలసినది.

'నాగా' ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన పదం. పాలవాడు నాగా, పనిమనిషి నాగా, కూలీ నాగా అంటాం. ఈ పదంలో ఇచ్చేవారు లేరు. వరుసలో పడిన ఖాళీ ఒక్కటే ఉంది. నాగాకు కారణం అడగరు. జబ్బైనా, జాతరైనా, చావైనా అది నాగాయే. లెక్కపుస్తకంలో అక్కడ గీత పడుతుంది, కూలి తెగుతుంది. సెలవు కారణాన్ని బట్టి ఆకస్మిక సెలవు, అనారోగ్య సెలవు, ప్రసూతి సెలవు అని భేదాలు చెందింది. నాగాకు అటువంటి భేదాలు ఏర్పడలేదు. ఒక పదం ఎన్ని శాఖలు వేసిందన్నది దాని వెనుక ఎంత వ్యవస్థ ఉందో చెబుతుంది.

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి జిల్లాలో ఉండేవి. కన్నడ, ఉర్దూ, తెలుగు కలిసి నడిచిన ఈ నేలలో శ్రమ పదజాలం కూడా మూడు భాషల నుండి వచ్చింది. పంటకోతల కాలాన్ని తెలిపే కన్నడపదం 'సుగ్గి' ఇక్కడ వలసకు పేరైంది. 'సుగ్గికి పోయినారు' అంటే ఊరు విడిచి కూలికి వెళ్ళారని అర్థం. కన్నడ జానపదంలో సంబరాన్ని సూచించే మాట ఈ ప్రాంతపు తెలుగులో ఇంటి తాళాన్ని సూచిస్తోంది. అర్థపరిణామానికి ఇంతకంటె బరువైన ఉదాహరణ వెతకనవసరం లేదు.

3. సామెతలు చెప్పిన శాసనం

చట్టం లేని చోట సామెత శాసనంగా పనిచేస్తుంది. 'రెక్కాడితేగాని డొక్కాడదు' అన్న సామెతను మనం శ్రమ మహిమకు ఉదాహరణగా పాఠ్యపుస్తకాలలో చెబుతుంటాం. దానిని జబ్బు మనిషి వైపు నుండి చదివితే అర్థం మారుతుంది. రెక్క ఆడని రోజు డొక్క ఆడదన్నది అందులోని నిజమైన విషయం. అది శ్రమను పొగడడం లేదు, వేతనం లేని జబ్బు రోజును వర్ణిస్తోంది.

'లంఖణం పరమౌషధం' అన్న మాట కూడా ఇటువంటిదే. కలిగిన ఇంట్లో లంఖణం వైద్యం. కూలి ఇంట్లో జబ్బు చేసిన వానితో పాటు పిల్లలకూ అది తప్పనిసరి కావచ్చు. ఒకరి పథ్యం నలుగురి పస్తుగా మారే స్థితిని ఈ సామెత చూడలేదు. జానపద వాఙ్మయాన్ని శ్రామికుల గొంతుగా మాత్రమే చదివే విమర్శ, ఏ సామెత ఏ ఇంటి నుండి పుట్టిందన్న ప్రశ్న కూడా వేయవలసి ఉంది.

4. చట్ట పాఠం: పత్తి గింజ దగ్గర ఆగిన బీమా

భారతదేశంలో జబ్బు రోజు వేతనానికి చాలా కాలం ప్రధాన ఆధారంగా నిలిచినది 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం. ప్రొఫెసర్ బి.పి. అదార్కర్ 1944లో సమర్పించిన నివేదిక దానికి పునాది. పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలులోకి వచ్చింది. నేటి నిబంధనల ప్రకారం నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందే ఉద్యోగులు దీని పరిధిలోకి వస్తారు. 2019 జూలై నుండి యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం చందా చెల్లిస్తున్నారు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా చెల్లించి ఉంటే, దానికి సంబంధించిన ప్రయోజన కాలంలో జబ్బు చేసినప్పుడు సగటు దినవేతనంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు భృతి వస్తుంది. భృతి పొందుతున్న కాలంలో ఉద్యోగిని తొలగించరాదని ఆ చట్టంలోని 73వ సెక్షను చెప్పింది. డబ్బు, తిరిగి వచ్చే హక్కు అనే రెండూ కలిస్తేనే సెలవు పూర్తవుతుందని ఈ చట్టం గ్రహించింది. ఇది దాని గొప్పతనం.

అయితే ఆ చట్టం మొదటి సెక్షనులోనే 'సీజనల్ ఫ్యాక్టరీలు మినహా' అనే మాట ఉండేది. సీజనల్ ఫ్యాక్టరీ అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో పత్తి జిన్నింగు, పత్తి లేదా జనుము ప్రెస్సింగు, వేరుశనగ కాయలు ఒలవడం, కాఫీ, నీలిమందు, లక్క, రబ్బరు, చక్కెర, తేయాకు తయారీ వరుసగా కనిపిస్తాయి. ఈ జాబితాను ఆదోనిలో నిలబడి చదివితే మొదటి మూడు పేర్లే ఆగి చూసేలా చేస్తాయి. పత్తి, వేరుశనగ ఈ ప్రాంతపు ప్రధాన వాణిజ్య పంటలు. వాటిని మొదట చేతపట్టే మిల్లులే చట్టం వెలుపల నిలిచాయి. వేరుశనగ నుండి నూనె తీయడం ఈ జాబితాలో లేదు. అంటే కాయ ఒలిచే పని మాత్రమే చేసే మిల్లు కూలీకి జబ్బు భృతి లేదు. తగిన సంఖ్యలో పనివారున్న నూనె మిల్లు కూలీకి వచ్చే అవకాశం ఉంది. గింజ ఒకటే, దుమ్ము ఒకటే, దగ్గూ ఒకటే కావచ్చు. నిర్వచనం మాత్రం వేరు.

మినహాయింపుకు ఒక తర్కం లేకపోలేదు. ఫ్యాక్టరీ మూసి ఉన్న నెలల్లో కూలీకి అక్కడ వేతనమే లేదు గనుక, పోయిన వేతనానికి భృతి అన్న ప్రశ్న ఉదయించదని వాదించవచ్చు. ఈ వాదాన్ని చట్టంలోని కాలవిభజనతోనే పరీక్షించవచ్చు. చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుండి మార్చి వరకు మరొకటి. పత్తి పని ముమ్మరంగా సాగేది ఈ రెండవ కాలంలోనే. సీజనంతా నిలకడగా పనిచేసే కూలీకి 78 రోజులు అందని లెక్క కాదు. అక్టోబరు–మార్చి చందాకు తగిన ప్రయోజన కాలం జూలై నుండి డిసెంబరు వరకు. అది వానలు, దోమలు, విషజ్వరాలు కలిసి వచ్చే కాలం. అప్పుడు మిల్లు మూసి ఉన్నా కూలీ ఊరకే కూర్చోడు. కలుపు తీస్తాడు, బేల్దారి పనికి వెళ్తాడు, మార్కెట్టు యార్డులో మూటలు మోస్తాడు. జ్వరం వస్తే ఆ కూలి పోతుంది. వేతనం ఒక గేటు లోపలే పుడుతుందన్న ఊహ మీద ఈ మినహాయింపు నిలబడి ఉంది. మనిషి ఏడాది పొడవునా పనివాడే. మిల్లుకే సీజను ఉంది.

2020 నాటి సామాజిక భద్రతా స్మృతి పాత చట్టాలను ఒకచోట చేర్చింది. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు రాజ్య బీమాను వర్తింపజేస్తూ సీజనల్ ఫ్యాక్టరీల మినహాయింపును మాత్రం అలాగే ఉంచింది. 1948లో రాసిన నిర్వచనం 72 ఏళ్ళ తరువాత కొత్త గ్రంథంలోకి యథాతథంగా నడిచి వచ్చింది. పాఠపరిష్కరణలో పాత ప్రతిలోని దోషాన్ని చూడకుండా ఎత్తి రాయడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

దుకాణాలు, హోటళ్ళలో పనిచేసేవారి స్థితి మరొక విధంగా ఉంది. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం జబ్బు, ప్రమాదం లేదా ఇతర సహేతుక కారణాల మీద ఏడాదికి 12 రోజుల వేతన సెలవును గుర్తించింది. కోడుమూరు బజారులోని బట్టల దుకాణం గుమాస్తాకు, హోటలు పనివానికి కాగితం మీద ఈ హక్కు ఉంది. అయితే ఆ హక్కును అడగాలంటే మొదట తాను ఉద్యోగినని చూపే హాజరు పట్టీ కావాలి. పట్టీలో పేరు లేనివానికి 12 రోజులూ నాగాలే.

5. మగ్గమూ సుగ్గీ: యజమాని కనిపించని పని

జిన్నింగు మిల్లులో యజమాని ఉన్నాడు, చట్టం లేదు. మగ్గం దగ్గర యజమాని ఎవరన్నదే తేలదు. ఎమ్మిగనూరు చేనేత చరిత్రలో మాచాని సోమప్ప స్థాపించిన సహకార సంఘానికి ప్రత్యేక స్థానం ఉంది. సంఘం బయట నేసే నేతగాడు సాధారణంగా మాస్టర్ వీవర్ ఇచ్చిన పడుగు, పేకలతో తన ఇంట్లోనే, తన మగ్గం మీదే నేస్తాడు. నేసిన చీరకు మజూరి వస్తుంది. రోజుకు కూలి అన్న లెక్కే లేదు గనుక జబ్బు రోజు ఎక్కడా నమోదు కాదు. చీర నాలుగు రోజులు ఆలస్యంగా పూర్తవుతుంది, అంతే. కాని ఆ నాలుగు రోజుల తిండి అప్పు పుస్తకంలో చేరుతుంది. నాగా అన్న మాటకైనా ఇక్కడ చోటు లేకపోవడం గమనార్హం. పనిని కాలంతో గాక వస్తువుతో కొలిచే పద్ధతి జబ్బును కంటికి కనబడకుండా చేస్తుంది.

పైగా చీర ఒక్కరి పని కాదు. కండెలు చుట్టేది, ఆసు పోసేది తరచుగా ఇంటి ఆడవారు. మజూరి మాత్రం చీరకు ఒక్కటే. ఆమెకు జబ్బు చేస్తే మగ్గం ఆగుతుంది. ఆమె పేరు మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

సుగ్గిలో ఇంకో చిక్కు. మిరపకోతకో పత్తితీతకో గుంటూరు వైపు వెళ్ళే కుటుంబాలు మేస్త్రీ వెంట గుంపుగా కదులుతాయి. చేను రైతుది, మాట మేస్త్రీది, కూలి తరచుగా కోసిన బరువును బట్టి. భార్యాభర్తలు, ఒక్కోసారి పిల్లలు కలిసి కోసినది ఒకే లెక్కలో పడుతుంది. ఒకరు గుడారంలో పడుకుంటే లెక్క తగ్గుతుంది. మరొకరు చూసుకోవడానికి ఆగితే ఇంకా తగ్గుతుంది. ఊళ్ళోనైతే అరువిచ్చే దుకాణం, చుట్టపుటిల్లు, తెలిసిన వైద్యుడు ఉంటారు. పరాయి చేలో ఇవేవీ ఉండవు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం పని స్థలంలో గాయపడి ఆసుపత్రిలో చేరిన కూలీకి కూలి రేటులో సగానికి తగ్గకుండా భృతి ఇవ్వాలని చెప్పింది. అది గాయాన్ని చూసింది గాని జ్వరాన్ని చూడలేదు.

6. ఆరోగ్య ఆసరా: నాగాకు కట్టిన తొలి వెల

ఈ నేపథ్యంలో 2019 డిసెంబరు 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన 'వైఎస్సార్ ఆరోగ్య ఆసరా' పథకాన్ని విమర్శకులు మరింత శ్రద్ధగా చదవవలసింది. ఆరోగ్యశ్రీ కింద చికిత్స పొందిన రోగికి, కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయల వరకు ఇవ్వడం దాని సారాంశం. ఆ ఏడాది రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 211 రూపాయలు. అంటే ఈ మొత్తాన్ని దాదాపు ఒక రోజు కూలిగా భావించవచ్చు.

ఇందులో రెండు విశేషాలున్నాయి. మొదటిది, యజమాని ఎవరన్న ప్రశ్నను పథకం అడగలేదు. నేతగాడైనా, జిన్నింగు కూలీ అయినా, సుగ్గి మనిషి అయినా జబ్బు పడిన మనిషే అర్హతకు ఆధారం. రెండవది, వైద్యం ఉచితమైతే చాలదని, పడుకున్న రోజులకూ వెల ఉందని అది ఒప్పుకుంది. శస్త్రచికిత్స ఉచితంగా జరిగినా, వైద్యుడు నెల రోజులు విశ్రాంతి అన్నప్పుడు పదో రోజునే మూట ఎత్తవలసి రావడమే కూలి ఇంటి అసలు సమస్య.

పరిమితులూ స్పష్టమే. నెలకు 5,000 అన్న గరిష్ఠ పరిమితి వల్ల 225 చొప్పున 22 రోజులకే లెక్క పూర్తవుతుంది. ముప్ఫై రోజులు పడుకున్నవానికి అది రోజుకు సుమారు 167 రూపాయలు. ఆరోగ్యశ్రీ జాబితాలోని చికిత్స జరిగితేనే భృతి దక్కేది. ఇంట్లో పడుకుని మాత్రలతో తగ్గించుకునే జ్వరానికి ఇందులోనూ చోటు లేకపోయింది. ఇది పథకమే గాని చట్టం కాదు. పథకానికి ప్రభుత్వ నిర్ణయం ఆధారం, చట్టానికి హక్కు ఆధారం. అందువల్ల సూత్రంగా ముందడుగైనా, రక్షణగా ఇది అసంపూర్ణం.

ఈ సూత్రానికి ఈ జిల్లాలోనే ఒక పూర్వరంగం ఉంది. కర్నూలు దగ్గరి పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో (1960–62) రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను మొదలైంది. పనిచేసిన సంస్థ ఏదని అడగకుండా వృద్ధుని చూసి ఇచ్చినది ఆ పింఛను. తరువాత ఆయన కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేశారు. 1965 నాటి బోనస్ చట్టం ఆ కాలంలోనే వచ్చింది. ఒకటి మనిషికి ముడిపడిన హక్కు, మరొకటి సంస్థకు ముడిపడిన హక్కు. ఆయన ప్రజాజీవితంలోనే ఈ రెండు మార్గాలూ కనిపిస్తాయి. జబ్బు రోజు విషయంలో మనం రెండవ మార్గంలోనే ఎక్కువ కాలం నడిచాం.

7. బిడ్డకు జ్వరం వస్తే

ఇంతవరకు చెప్పినదంతా పనిచేసే మనిషికి వచ్చిన జబ్బు గురించి. రాజ్య బీమా జబ్బు భృతి కూడా బీమా చేసిన వ్యక్తి సొంత జబ్బుకే పరిమితం. కుటుంబ సభ్యులకు వైద్యం అందుతుంది గాని, వారి పక్కన కూర్చున్న రోజుకు భృతి లేదు. అమెరికాలో జాతీయ స్థాయిలో వేతన జబ్బు సెలవు చట్టం లేకపోయినా, కాలిఫోర్నియాలో 2015 జూలై నుండి అమలైన రాష్ట్ర చట్టం తన జబ్బుకే గాక కుటుంబ సభ్యుల సంరక్షణకూ ఆ సెలవును వాడుకోనిచ్చింది. ఎక్కువ జీతాల దేశంలో కూడా బిడ్డ జ్వరం కుటుంబానికి వేతన సమస్యేనని దీని వల్ల తెలుస్తుంది.

మన ఇళ్ళలో బిడ్డకు జ్వరం వస్తే పని మానేది సాధారణంగా తల్లి. ఆమె కూలి తక్కువ గనుక ఆమె నాగాయే చౌక అన్న లెక్క ఇంట్లో ఎవరూ పైకి చెప్పకుండానే జరిగిపోతుంది. అలా మానిన రోజులను చూపి ఆమె నిలకడగా పనికి రాదని మేస్త్రీ అంటాడు. ఆ పేరుతో కూలి మళ్ళీ తగ్గుతుంది. తక్కువ కూలి వల్ల నాగా, నాగా వల్ల తక్కువ కూలి. తల్లి ఆగలేని ఇంట్లో ఆ వంతు పెద్దకూతురికి వస్తుంది. అప్పుడు బడి హాజరు పట్టీలో గీత పడుతుంది. చెల్లెలి జ్వరం అక్క చదువు మీద రాసిన ఆ గీతను ఏ కార్మిక చట్టమూ చదవలేదు.

8. ఉపసంహారం

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి.

సెలవు, నాగా అనే పదభేదం శైలీభేదం కాదు. ఇచ్చేవారు ఉన్న శ్రమకు, లేని శ్రమకు మధ్య గీసిన సరిహద్దు అది. మన చట్టాలు ఆ సరిహద్దును చెరపడానికి బదులు నిర్వచనాల ద్వారా స్థిరపరిచాయి. జిన్నింగు కూలీ సీజను పేరుతో, నేతగాడు మజూరి పేరుతో, సుగ్గి కుటుంబం మేస్త్రీ పేరుతో బయట నిలిచారు. కారణాలు మూడైనా ఫలితం ఒకటే.

దిద్దుబాటుకు సులువైన చోటు ఆదోని జిన్నింగు మిల్లే. అక్కడ గేటు ఉంది, యజమాని ఉన్నాడు, పని రోజులను లెక్కించే వీలుంది. సీజనల్ ఫ్యాక్టరీ మినహాయింపును తొలగించడానికి కొత్త వ్యవస్థ అవసరం లేదు. ఒక నిర్వచనాన్ని సవరిస్తే చాలు. మగ్గానికి, సుగ్గికి మాత్రం ఆరోగ్య ఆసరా చూపిన మార్గాన్ని, అంటే మనిషిని ఆధారంగా తీసుకునే పద్ధతిని, శస్త్రచికిత్సల జాబితా దాటించి, సంరక్షకులను కూడా కలుపుకొని, చట్టబద్ధం చేయవలసి ఉంది.

తెలుగు శాఖలలో పనిచేసే మనకు దీనిలో ఒక బాధ్యత ఉంది. శ్రమ సాహిత్యాన్ని బోధించేటప్పుడు కూలి, సమ్మెలతో పాటు నాగాను కూడా ఒక సాహిత్య వస్తువుగా గుర్తించాలి. వృత్తి పదకోశాలు సేకరించే పరిశోధకులు మగ్గం భాగాల పేర్లతో పాటు మగ్గం ఆగిన రోజుకు ఆ ఇంట్లో ఏమంటారో కూడా అడిగి రాసుకోవాలి. కోడుమూరు మగ్గం ముందు కూర్చున్న మనిషి జ్వరం వచ్చిన రోజున 'సెలవు' అన్న మాటను తన గురించి వాడుకోగలిగితే, ఆ పదం అర్థవ్యాకోచం చెందిందని మన నిఘంటువుల్లో రాసుకోవచ్చు.